ఏడో గడిలో ‘నిల్’ రాయనన్నందుకు

రిటైరైన రోజు నాకు శాలువా కప్పి, ముప్పై నాలుగేళ్ళ నా సర్వీసును ఒక కాగితం చూసి చదివారు. అందులో షామీర్‌పేట్ సెక్షన్‌కు దక్కింది ఒక్క వాక్యం: “అక్కడ గడ్డి విషయంలో చిన్న అభిప్రాయభేదం వచ్చినా, సర్దుకుపోయి పనిచేశారు.” అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అది చిన్నది కాదు, నేను సర్దుకుపోలేదు. ఆ వాక్యం రాసినాయనకు మర్నాడే ఉత్తరం రాశాను, సవరించమని. జవాబు రాలేదు. గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం రాశాను. దానికీ రాలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. అడవి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు చదువుతారని ఆశ. పేర్లు రాయను. ఎవరెవరో వాళ్ళకు తెలుసు, నాకు అంతకన్నా బాగా తెలుసు.

మా సెక్షన్ షామీర్‌పేట్‌కూ మేడ్చల్‌కూ మధ్య. నేను మచ్చ బొల్లారంలో అద్దెకుండి రోజూ స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. మాది గోదావరి పాయల మధ్య ఊరు. ఏ పుల్ల గుచ్చినా చిగురించే నేలలో పుట్టినవాడికి ఇక్కడి గుట్టలు, బండలు, పిలకలు పిలకలుగా ఎండిన గడ్డి ఎలా కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ సెక్షన్‌లో చేరిన మొదటి వారంలో మా ఆవిడతో అన్నాను, “అడవి ఉద్యోగమని పేరే గానీ, నాకిచ్చింది బోడిగుండు” అని. ఆ మాట నాదే. ఒప్పుకుంటున్నాను. మిగతావాళ్ళ మాటలు రాసేటప్పుడు నా మాట దాచుకోవడం న్యాయం కాదు.

ఆ బోడిగుండులో ఎనభై ఎకరాల ముక్క ఒకటి ఉండేది. ఒకవైపు చెరువుకు దిగే వాలు, ఇంకోవైపు కొత్తగా వేస్తున్న కాలనీ ప్రహరీ. మ్యాపులో దానికి రంగు వేయలేదు. రంగు వేయని చోటును మా ఆఫీసులో ‘ఖాళీ’ అంటారు. ఖాళీ కనిపిస్తే మొక్కలు నాటాలి. అది మా ధర్మం.

నాటాలంటే ముందు ఒక ఫారం నింపాలి. నేల ఏ రకం, రాయి ఎంత లోతులో తగులుతుంది, నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి, ఇలాంటివి పద్నాలుగు గడులు. ఏడో గడి ‘ప్రస్తుతం ఉన్న వృక్షజాలం’. అందులో అందరూ నిల్ అని రాస్తారు. నిల్ అని ఉంటే అంచనా రేంజ్ ఆఫీసులోనే పాసవుతుంది. ఇంకేం రాసినా కాగితం పైకి వెళ్ళాలి, పైనుంచి ఒకరు వచ్చి కళ్ళతో చూడాలి, ఈలోగా వానలు వెళ్ళిపోతాయి. నాకు ముందు ఆ సీట్లో పనిచేసినాయన సొరుగులో ఒక ఫారాల కట్ట వదిలి వెళ్ళాడు. అన్నిట్లోనూ ఏడో గడిలో ముందే ‘నిల్’ అని టైపు చేసి ఉంది. స్థలం పేరు రాసే గడి మాత్రం ఖాళీగా ఉంది.

ఆ కట్ట చూసి నేను ఏం చేశానో రాయాలి కదా. సంతోషపడ్డాను. పని తగ్గిందనుకున్నాను.

మొదటి ఏడాది ఎనభైలో సగానికి, అంటే తూర్పు వైపు నలభై ఎకరాలకు, ఆ కట్టలోంచి ఒక ఫారం తీసి, స్థలం పేరు రాసి, సంతకం పెట్టి పంపాను. కుర్చీలోంచి లేవలేదు. ఆ కుర్చీకి ఒక చేయి విరిగి ఉండేది. మార్చమని మూడుసార్లు రాసినా మార్చలేదు. అయినా అందులోంచి లేవలేదు.

డోజర్ వచ్చింది. నాలుగు రోజుల్లో గడ్డి వేళ్ళతో సహా తిరగబడింది. అయిదో రోజు నేను అక్కడికి వెళ్ళేసరికి గొర్రెలు కాసుకునే ఒక ముసలామె చేతికర్ర నేలకు ఆనించి నిలబడి ఉంది. పక్క ఊరామె. అందరూ అవ్వ అంటారు.

“నువ్వేనా సారూ, గీ సంతకం పెట్టింది?”

“అవునమ్మా. చెట్లు పెడుతున్నాం. రేపు నీ గొర్రెలకే నీడ.”

“నీడ దిని బతుకుతయా గొర్లు?” అంది. “వచ్చి చూసినవా, సంతకం పెట్టేటాల్లకు?”

గవర్నమెంటు పని, నీకు తెలియదు అన్నాను. ఆమె కిందికి వంగి, తిరగబడిన ఒక గడ్డి దుబ్బు తీసుకుని వేళ్ళ మట్టి దులిపి, నా స్కూటర్ సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది. సర్వీసులో నన్ను చాలామంది చాలా రకాలుగా అవమానించారు. తేదీలతో సహా రాసి పెట్టుకున్నాను. అది మాత్రం రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదో చాలా రోజులు నాకు అర్థం కాలేదు.

వేప, కానుగ, నేరేడు పెట్టాం. వానాకాలమంతా పచ్చగా ఉన్నాయి. ఫోటోలు తీశారు. రేంజ్ ఆఫీసరు ఆ ఫోటోల ముందు నిలబడి ఇంకో ఫోటో తీయించుకున్నాడు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. తెలివైనవాడే. మాట కూడా తియ్యగా ఉండేది, పక్కవాణ్ణి పొడిచేటప్పుడు మరీనూ.

సంక్రాంతి దాటాక మొక్కలు పోవడం మొదలుపెట్టాయి. ట్యాంకర్లతో నీళ్ళు పోయించాను. పోయించిన కొద్దీ పోయాయి. ఒక గుంత తవ్వి చూస్తే సంగతి తెలిసింది. అడుగున్నర కింద పలక బండ. మేం తవ్వినవి గుంతలు కావు, రాతి కుండలు. వానకు అవి తొట్ల లాగా నిండి వేళ్ళు కుళ్ళాయి. ఎండకు కింద బండ కాగి, మిగిలిన వేళ్ళు మాడాయి. మార్చి నెలాఖరుకు నలభై ఎకరాల్లో నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. నాకు మెమో వచ్చింది, నీళ్ళు సరిగా పోయించలేదని. ట్యాంకర్ల రసీదులన్నీ జతచేసి జవాబు రాశాను. చదివినట్టు లేదు, రెండో మెమోలో మొదటి మెమో మాటలే ఉన్నాయి. అక్షర దోషంతో సహా.

ఆ కోపంలోనే అసలు చదువు మొదలైంది.

మాకొక వాచర్ ఉండేవాడు. షామీర్‌పేట్ దగ్గరి పల్లెటూరి సాయిబు, అరవై దగ్గర పడ్డవాడు. ఊళ్ళో తమ్ముళ్ళు కూరగాయలు పండిస్తే, ఆయన ముప్పై ఏళ్ళుగా ఈ గుట్టల వెంట తిరుగుతున్నాడు. అందరం చాచా అనేవాళ్ళం. తూర్పు వైపు ఎండిన మొక్కలు చూడలేక, దున్నకుండా మిగిలిన పడమర వైపు చూపించి ఆయన మీద విసుక్కున్నాను. “ఆ ఎండు పుల్లలైనా పీకించు చాచా. చూస్తే అసహ్యంగా ఉంది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తే అవీ నా ఖాతాలోనే వేస్తారు.”

గడ్డి మధ్యలో మోకాలెత్తు పుల్లలు, కొసలు మాడిపోయి, అక్కడక్కడా నిలబడి ఉన్నాయి.

చాచా నవ్వాడు. “మీరే గుంజుండ్రి సాబ్ ఒక్కటి.”

పట్టుకుని లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. చేయి గీసుకుపోయింది గానీ అది కదల్లేదు. చాచా గడ్డపార తెచ్చి, బండకూ బండకూ మధ్య సందులో చుట్టూ తవ్వాడు. ఆ మోకాలెత్తు పుల్ల కింద నా ముంజేయంత లావు వేరు ఉంది. చీలికలోకి దిగుతూనే ఉంది. మూడడుగులు తవ్వినా కొస దొరకలేదు.

“మోదుగ సాబ్. గీ కట్టె ఉమర్, మా పెద్ద బిడ్డ ఉమర్ ఒక్కటే ఉంటది. ఎండకాలం మీదికెల్లి సచ్చిపోతది, కిందికెల్లి బతుకుతది. వాన పడంగనే మల్ల లేస్తది. ఏడాదికింత ఏడాదికింత వేరు బలుస్తది. వేరుకు దమ్ము వచ్చిందనుకో, ఒక్కసారే మొగులు దిక్కు పోతది.”

“మరి ఇన్నేళ్ళు చెప్పలేదేం?”

“అడిగెటోల్లు ఏరీ సాబ్?” అన్నాడు. “వచ్చినోల్లందరు మొక్కలు యాడ పెట్టాలె అని అడిగిన్రు. ఏమున్నదని ఒక్కలన్న అడిగిన్రా?”

ఆ రోజు నుంచి నేను ఆ పడమర నలభై ఎకరాలను రోజూ నడిచాను. శ్రద్ధ పుట్టి కాదు, మెమోకు సరైన జవాబు రాయాలన్న పంతంతో. పంతం కూడా మనిషిని నడిపిస్తుంది, తప్పేం లేదు.

ఏం చూశానో కొంచెం చెబుతాను. గడ్డికి చిగురు కొసన ఉండదు, మొదట్లో, నేలను అంటుకుని ఉంటుంది. గొర్రె పైన కొరికినా, మంట పైపైన పోయినా చిగురు పోదు. పందిముల్లు గడ్డి గింజకు మెలిపెట్టిన తోక ఉంటుంది. తడి తగిలితే ఆ తోక మెలిక విప్పుకుంటూ తిరిగి, గింజను మట్టిలోకి దింపుతుంది. నా ప్యాంటు అంచుల్లో గుచ్చుకున్న గింజలను ఆఫీసు టేబుల్ మీద తడిపి గంటసేపు చూస్తూ కూర్చున్నాను. మా గుమాస్తా వచ్చి, “సార్, జ్వరమొచ్చిందా?” అన్నాడు. తీతువు పిట్ట గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. గుడ్డేదో రాయేదో తెలియదు, కాలు వేసేదాకా. నేను వేయబోతుంటే చాచా నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. గడ్డి దుబ్బు కింద భరత పక్షి గూడు చూశాను, పిడికిలంత. దుందిగల్ నుంచి శిక్షణ విమానాలు నెత్తి మీద రొద పెడుతూ తిరుగుతుంటే, ఆ పిట్ట నిటారుగా పైకి లేచి వాటికి పోటీగా పాడేది.

అప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో శిక్షణ క్లాసు గోడ మీద చూసిన పటం గుర్తొచ్చింది. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ రకం ప్రకృతో రంగులు వేసి చూపించే పటం. మంచు నేలల్లో చెట్టు మొలవదు, అక్కడి నక్క చెవులు చిన్నవి చేసుకుని వెచ్చగా ఉంటుంది. ఎడారి నక్క చెవులు చేటలంత పెంచుకుని ఒళ్ళు చల్లార్చుకుంటుంది. వానల అడవిలో చెట్టు వెలుగు కోసం పైకి ఎగబాకుతుంది. ఎక్కడున్న ప్రాణి అక్కడి కష్టాన్ని బట్టి ఒళ్ళు మలుచుకుంటుందని మేష్టారు చెబితే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పటంలో గడ్డి నేలలకూ ఒక రంగుండేది. అడవి చచ్చిపోతే మిగిలింది గడ్డి అని ఆ పటం ఎక్కడా చెప్పలేదు. అదొక సొంత కాపురం. నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎండ, అడుగున్నర మట్టి, దాని కింద బండ. ఇక్కడ బతకడం నేర్చుకున్న జనాభా అది. టీవీలో ఆఫ్రికా గడ్డి మైదానం చూసి ఆహా అంటాం. షామీర్‌పేట్‌లో అదే గడ్డి చూసి బంజరు అంటాం. సింహం లేకపోతే గడ్డికి విలువ లేదా?

అదే వేసవి, మే నెలలో నెలవారీ మీటింగు. రేంజ్ ఆఫీసరు మిగిలిన నలభై ఎకరాల ఫారం నా ముందుకు తోశాడు. ఏడో గడిలో అదే టైపు, అదే నిల్.

“జర సంతకం పెట్టుండ్రి సార్. డోజర్ మాట్లాడిన. వచ్చే నెల పెద్దోల్లు వస్తున్నరు మొక్కలు పెట్టనీకి.”

“ఏడో గడి తప్పుగా ఉందండి.”

“ఏం తప్పు? స్పెల్లింగా?”

“అక్కడ గడ్డి ఉంది.”

గది నిండా నవ్వులు. ఆయన కూడా నవ్వాడు. “గడ్డి ఉన్నదట! ఇగ మన సార్‌ను గడ్డి ఆఫీసర్ అని పిలవాలె. ఏం సార్, మీ దిక్కు కొబ్బరి తోటల పక్కపొంటి పెరిగినోల్లు, మా గుట్టల గడ్డి మీద గింత మోజేంది?”

ఆ రోజు నాకు తప్ప అందరికీ టీ ఇచ్చారు. పొరపాటున జరిగిందని తరవాత అన్నారు. పొరపాటు కాదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “మీరెప్పుడూ ఎవరో ఒకరి మీద రాస్తూనే ఉంటారు. ఇంకో ఆర్నెల్లలో ప్రమోషన్ లిస్టు ఉంది. ఆ ఒక్క సంతకం పడేస్తే ఏం పోతుంది?” అంది. ఏం పోతుందో ఆమెకు చెప్పడానికి ఒక ఆదివారం స్కూటర్ ఎక్కించుకుని తీసుకెళ్ళాను. ఎండలో గంట తిరిగాం. చివర్న చీరంచుకు పట్టిన పందిముల్లు గింజలు ఏరుకుంటూ అంది, “రాసేదేదో పూర్తిగా రాయండి. సగం రాసి ఇంటికొచ్చి నా మీద అరవకండి.”

పూర్తిగానే రాశాను. మూడు వారాలు పట్టింది. చాచా చూపించేవాడు, పేర్లు అవ్వ చెప్పేది. మొదట్లో ఆమె నాతో మాట్లాడలేదు. చాచాతో చెబితే ఆయన నాకు చెప్పేవాడు, ముగ్గురం పక్కపక్కనే నిలబడి ఉండగానే. బోద గడ్డి, పందిముల్లు, గరిక, తంగేడు, చిట్టీత, నేలతాడి, విష్ణుక్రాంత, ఏ మొక్క ఎక్కడ ఎక్కువో, ఏ నెలలో ఏది పూస్తుందో. మోదుగ పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. ఏడో గడి అంగుళం వెడల్పు కూడా ఉండదు. అందులో ‘జతపరచిన పదకొండు పేజీలు చూడగలరు’ అని రాసి, పదకొండు పేజీలు కుట్టాను.

పిల్లలూ, ఇక్కడొక కిటుకు చెబుతాను, ఎవరూ నేర్పరు. ఆ కాగితం నేను రేంజ్ ఆఫీసరు చేతికి ఇవ్వలేదు. ఇన్‌వార్డు గుమాస్తా దగ్గరికి వెళ్ళి, ప్రతి పేజీకి నంబరు వేయించి, ప్రతి పేజీ మీద స్టాంపు కొట్టించి, నకలు మీద సంతకం తీసుకున్నాను. నంబరు పడిన పేజీ మాయమైతే గుమాస్తా ఉద్యోగానికే ముప్పు వస్తుంది. అంచేత గుమాస్తా దాన్ని కన్నబిడ్డలా కాపాడతాడు.

ఏడో గడిలో నిల్ లేదు గనక కాగితం పైకి వెళ్ళక తప్పలేదు. పైనుంచి ఒక అధికారిణి వచ్చింది. తొలకరి పడి వారమైంది. డోజర్ అప్పటికే వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. రేంజ్ ఆఫీసరు టెంటు వేయించాడు. కుర్చీలు లెక్కగా వేయించాడు, నాకొకటి తక్కువగా.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. బూట్లతో తడి గడ్డిలోకి నడిచింది. మేం వెనకాల. ఎక్కడ చూసినా పచ్చగా లేచిన గడ్డి, దాని మధ్య నెల కిందట మాడిన పుల్లల మొదట్లోంచి మూడేసి ఆకుల మోదుగ చిగుళ్ళు.

“ఇదంతా కలుపు మేడం,” అన్నాడు రేంజ్ ఆఫీసరు. ఆమె ముందు ఆయనకు పుస్తకాల తెలుగు వచ్చేసేది. “తీసేసి మంచి జాతులు పెడతాం.”

ఆమె చాచా వైపు తిరిగింది. “మీరేమంటారు?”

“నేనేమంట మేడం,” చాచా చేతులు కట్టుకున్నాడు. “నీల్లు పోసి పెంచిన చెట్టు గా పక్క సచ్చింది. ఎవ్వలు నీల్లు పొయ్యని చెట్టు గీ పక్క లేసింది. గంతే.”

ఆమె నవ్వలేదు. ఫైలు తెరిచి నా పదకొండు పేజీలూ నిలబడే చదివింది. తరవాత ఫైల్లో వెనక్కి తిప్పి, ఇంకో కాగితం తీసి నాకు చూపించింది. పోయినేడాది ఫారం.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి.”

“మధ్యలో కంచె లేదు, గట్టు లేదు. ఒకటే నేల. పోయినేడాది సగానికి నిల్ అన్నారు. ఈ ఏడాది మిగతా సగానికి పదకొండు పేజీలు రాశారు. ఇందులో ఏది అబద్ధం?”

రేంజ్ ఆఫీసరు మొహంలో వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పాత ఫారం ఆమె చేతికి అందేలా ఫైల్లో చేర్చి పెట్టింది ఎవరో నాకు తెలుసు.

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. నాకు ముందు పనిచేసినాయన టైపు చేసి పెట్టాడని చెప్పొచ్చు. రేంజ్ ఆఫీసరు తొందరపెట్టాడని చెప్పొచ్చు. రెండూ నిజమే. నా సర్వీసంతా అలాంటి నిజాలతోనే ఫిర్యాదులు రాశాను. కానీ తప్పు అవతలివాళ్ళ మీదికి నెట్టగానే, పదకొండు పేజీలు కూడా ఎవరి మీదో కోపంతో రాసినవైపోతాయి. డోజరు వాడు ఇంజను స్టార్టు చేసి పెట్టుకున్నాడు. అవ్వ గొర్రెలతో దూరంగా నిలబడి చూస్తోంది.

“పోయినేడాదిది అబద్ధమండి,” అన్నాను. “నేను వచ్చి చూడలేదు. కుర్చీలో కూర్చుని సంతకం పెట్టాను.”

“అది రాసివ్వగలరా?”

“సార్, సోచాయించుండ్రి,” అన్నాడు రేంజ్ ఆఫీసరు, మెల్లగా, నా మేలు కోరినట్టే. “రాసిస్తే సర్వీస్ బుక్కుల ఎక్కుతది. లిస్టుల మీ పేరు ఉన్నది. గడ్డి కోసం గింత జేస్తరా?”

ఆ మాట ఆయన అనకపోతే ఏం చేసేవాణ్ణో ప్రమాణం చేసి చెప్పలేను. నాకు ధైర్యం తక్కువ, రోషం ఎక్కువ. ఆయన అన్నాడు గనక కాగితం అడిగాను. డోజర్ బానెట్ మీద పెట్టి రాశాను. వేడికి కాగితం కమిలింది. ‘ఫలానా తేదీన ఫలానా స్థలమును స్వయముగా పరిశీలించకనే, ఏడవ గడిలో నిల్ అను తప్పుడు సమాచారము ధ్రువీకరించితిని. తత్ఫలితముగా నలుబది ఎకరముల సహజ గడ్డినేల నాశనమైనది. ఇందుకు బాధ్యుడను నేనే.’ ఎంతోమంది మీద ఎన్నో రాశాను, ఇంత సూటిగా ఎప్పుడూ రాయలేదు. ఒక్క మాట కొట్టివేత లేదు.

ఆమె చదివి, ఫైల్లో పెట్టి, డోజరు వాణ్ణి చూసి, “ఇంజను ఆపు బాబూ, పొగొస్తోంది,” అంది. అంతే. నన్ను మెచ్చుకోలేదు. రేంజ్ ఆఫీసరును తిట్టలేదు. కుర్చీలున్న టెంటు వైపు చూడకుండా జీపెక్కి వెళ్ళిపోయింది. పది రోజులకు ఆర్డరు వచ్చింది, పడమర నలభై ఎకరాలు యథాస్థితిలో ఉంచాలని. దానితో పాటే ఇంకో ఆర్డరు, నన్ను కలప డిపోకు బదిలీ చేస్తూ. నరికిన దుంగలకు నంబర్లు వేసే పని. ప్రమోషన్ లిస్టులో నా పేరు లేదు. రేంజ్ ఆఫీసరు పేరు పై లిస్టులో ఉంది. ఆయన పై మెట్టు ఎక్కిన రోజు స్వీటు పంపాడు. తిరిగి పంపాను, రసీదు తీసుకుని.

నేను బాధపడ్డానా? పడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను. నాకు న్యాయం జరగలేదు. త్యాగం చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. త్యాగం చేసినవాడు మర్చిపోతాడు, నేను మర్చిపోలేదు. నేను పెట్టిన తప్పుడు సంతకానికి నన్ను శిక్షించారు, ఆ ముక్క సరే. తప్పుడు ఫారాలు కట్టలు కట్టలుగా టైపు చేయించిన వాళ్ళను ఎందుకు వదిలేశారు? ఈ ప్రశ్న నాలుగుసార్లు రాసి పంపాను. అయిదోసారి ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా మారిపోయింది. కొంపల్లి నుంచి కార్లలో వచ్చి సాయంత్రం నడిచేవాళ్ళు ఎక్కువయ్యారు. మేం దున్నిన తూర్పు వైపు వయ్యారిభామ కలుపు కమ్మేసింది. గొర్రె ముట్టదు, పిట్ట వాలదు. ఇన్నేళ్ళయినా గడ్డి తిరిగి రాలేదు. పడమర వైపు వానాకాలంలో నడుమెత్తు గడ్డి. అప్పటి పుల్లల్లో కొన్ని వేరుకు దమ్ము వచ్చి నా నెత్తి దాటాయి. చాచా చూడకుండానే పోయాడు.

ఈ ఏడాది కొత్త ప్రతిపాదన వచ్చింది. పడమర నలభై ఎకరాల్లో నడక దారులు, ఫౌంటెన్, వాటి చుట్టూ లాన్. అవును, ఉన్న గడ్డి పీకి, కొన్న గడ్డి పరుస్తారట. అభ్యంతరాలుంటే నెల లోపల తెలపాలని నోటీసు అంటించారు. చదివి, పంతొమ్మిది పేజీల అభ్యంతర పత్రం రాసి, అది పట్టుకుని బస్సెక్కి నేరుగా అవ్వ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ఆమెకు కళ్ళు సరిగా కనిపించవు. గొర్రెలను మనవరాలు చూసుకుంటోంది. పంతొమ్మిది పేజీలూ ఆ మనవరాలు పైకి చదివి వినిపిస్తే, అవ్వ రెండు చోట్ల ఆపి నేను రాసిన పేరు తప్పని దిద్దింది.

నేను సంతకం పెట్టబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది.

“నువ్ ముందుగాల పెట్టకు సారూ.”

“ఎందుకవ్వా?”

“నువ్ పెట్టిన సంతకంతోటే గదా, గా పక్క అట్లున్నది. ముందుగాల నేను పెడత. నా కింద నువ్ పెట్టు.”

మనవరాలు వేలు పట్టుకుని గీత చూపిస్తే, అవ్వ వంకర టింకరగా తన పేరు రాసింది. వేలిముద్ర వద్దంది. దాని కింద నేను పెట్టాను. నన్ను రెండో వరసలో నిలబెట్టిన ప్రతివాడి మీదా నేను ఫిర్యాదు రాశాను. దీని మీద రాయను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, పంతొమ్మిది పేజీలకూ నంబరు వేయించి, స్టాంపు కొట్టించాను. గుమాస్తా కొత్తవాడు. ఇన్ని పేజీలా అని విసుక్కున్నాడు. “ఏడో నంబరు ఎక్కడ పడుతుందో సరిగ్గా చూసి వెయ్యి నాయనా,” అన్నాను. “నేనిక్కడే కూర్చుంటాను.”